వెలుగును కూడబెట్టినవారు

కార్తికమాసపు రాత్రులలో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తూర్పుదిక్కున ఒక చిన్న చుక్కల గుంపు పైకి లేచును. పంచాంగకర్తలు దానిని కృత్తికలందురు. పల్లెవారు పిల్లలకోడి యందురు. తల్లి చుట్టును కోడిపిల్లలు ఒదిగియున్నట్లు చుక్కలన్నియు ఒకచోట ముడుచుకొని కనిపించుటచే ఆ పేరు తగియున్నది. సామాన్యమైన చూపు గలవారు అందులో ఆరింటిని లెక్కింతురు. ఏడును చూచితిమి, ఎనిమిదియు చూచితిమి అని పందెము కట్టువారును ప్రతి యూరిలో ఒకరిద్దరుందురు. ఒక మాసమునకే పేరిచ్చిన ఈ గుంపును మన పూర్వులు వేలయేండ్లుగా చూచిరి, గ్రీకులు చూచిరి, దూరదర్శిని వచ్చిన తరువాత గెలీలియో చూచి, ముప్పదికి పైగా చుక్కలతో దానికి పటము గీచెను. కాని ఆ చుక్కల నడుమ పలుచని పొగమంచు వంటిదొకటి పరచుకొని యున్నదని వారిలో ఎవ్వరికిని తెలియదు.

1859లో విల్‌హెల్మ్ టెంపెల్ అను జర్మను దేశీయుడు, శిలాముద్రణము జీవనోపాధిగా గలవాడు, వెనిస్ నగరమునుండి చూచుచు, ఆ గుంపులో ఒక చుక్క ప్రక్కన మసక మరక వంటిది కనిపించినదని ప్రకటించెను. కొందరు తమకును కనిపించినదనిరి. మరికొందరు ఏమియు లేదనిరి. ఈ తగవు పాతికేండ్లు సాగినది. దానిని తీర్చినది కన్ను కాదు. 1885లో పారిస్ వేధశాలలోని పాల్ హెన్రీ, ప్రాస్పర్ హెన్రీ అను సోదరులు తీసిన ఛాయాచిత్రములో ఆ గుంపులోనే వేరొక చుక్క ప్రక్కన అట్టి మబ్బు బయటపడెను. మరుసటి సంవత్సరము ఇంగ్లండులో ఇండ్లు కట్టించు వృత్తిలోనున్న ఐజక్ రాబర్ట్స్ అను నతడు గంటలతరబడి ఒకే గాజుఫలకముపై కృత్తికల వెలుగును పడనిచ్చి చూచెను. మబ్బు ఒకటి రెండు చుక్కలకు కాదు, గుంపులోని ప్రధానమైన చుక్కలలో పెక్కింటికి చుట్టుకొని యున్నట్లు తేలినది.

కన్నునకును ఫలకమునకును గల భేదమంతయు ఇచ్చటనే యున్నది. మన కన్ను దినకూలి వంటిది. ఏ క్షణమున వచ్చిన వెలుగును ఆ క్షణముననే ఖర్చుచేసి, మరుక్షణమునకు మరల చేయి చాచును. చీకటికి అలవాటుపడుటకు పట్టు అరగంట మాట వేరు. ఆ తరువాత గంటసేపు చూచినను, రాత్రియంతయు చూచినను, అదనముగా కూడునది లేదు. ఛాయాఫలకము కాసు కాసు దాచు గృహస్థు వంటిది. జిలాటిన్ పూతలో పొదిగిన వెండి బ్రోమైడు రేణువులపై మొదటి నిమిషమున సోకిన వెలుగు అచ్చటనే యుండును. నూరవ నిమిషమున సోకినది దానికి తోడగును. కావున కంటికి లేనివి ఫలకమునకు ఉండును. ఈ జిలాటిన్ పూత ఉపాయమును 1871లో ప్రకటించిన రిచర్డ్ లీచ్ మాడక్స్ వృత్తిచే వైద్యుడు. అంతకు ముందున్న తడి ఫలకములు కొద్ది నిమిషములలో ఆరి పనికిరాకుండ పోయెడివి. వానితో గంటలతరబడి కూడబెట్టుట అసాధ్యము. పొడి ఫలకములు రాగా, ఆకాశమున మసకగానున్న నీహారికలను చిత్రించుటకు దారి ఏర్పడినది.

అయితే భూమి నిలిచియుండదు గదా! నాలుగు నిమిషములకు ఒక అంశ చొప్పున ఆకాశమంతయు పడమటికి జరుగుచున్నట్లు తోచును. కెమెరాను కదలక నిలిపినచో ప్రతి చుక్కయు ఒక గీతయై పోవును. దూరదర్శినిని గడియారపు యంత్రముతో ఆకాశము వెంట త్రిప్పవలెను. ఆ కాలపు యంత్రములు ఎంత మంచివైనను అడుగడుగున తప్పుచుండెడివి. అందుచేత ప్రక్కనే బిగించిన రెండవ దూరదర్శినిలో ఒక చుక్కను సన్నని అడ్డగీతల కూడలిపై నిలిపి, అది వెంట్రుకవాసి తొలగినను మరల దానిని చోటికి తెచ్చుచు, చిత్రము పూర్తియగువరకు మనుష్యుడు కన్నార్పక కూర్చుండవలసి యుండెను. అదియును చలిలో, అదియును చీకటిలో. నడుమ మబ్బు పట్టెనా, అంతవరకు పడిన శ్రమ వ్యర్థము.

ఇట్లు కూర్చుండిన మొదటివారిలో జీతమునకు కూర్చుండినవారు తక్కువ. ఇది గమనింపదగిన విషయము. నీహారికకు మొట్టమొదట ఛాయాచిత్రము తీసిన హెన్రీ డ్రేపర్ న్యూయార్కులో వైద్యవిద్య నభ్యసించి కళాశాలలో బోధించినవాడు. హడ్సన్ నదీతీరమున తాను కట్టుకొన్న వేధశాలనుండి 1880 సెప్టెంబరు 30వ తేదీ రాత్రి, మన మృగశిర, ఆర్ద్రలుండు ఓరియన్ మండలములోని పెద్ద నీహారికను 51 నిమిషములు ఫలకముపై పట్టెను. రెండేండ్లకే, 45 ఏండ్ల ప్రాయమున, అతడు కాలధర్మము నొందెను. 1883 జనవరిలో అదే నీహారికను అంతకంటె ఎంతయో స్పష్టముగా పట్టిన ఆండ్రూ కామన్ లండను సమీపమున ఈలింగులో నివసించిన పారిశుద్ధ్యపు ఇంజనీరు. పగలు ఊరి మురుగు కాలువల లెక్కలు, రాత్రి తన యింటి తోటలో 36 అంగుళముల అద్దముతో నీహారికలు! ఆ 37 నిమిషముల చిత్రములో ఏ దూరదర్శినిలోను కంటికి కనిపించని చుక్కలు కనిపించెను. కన్ను చూచినదానిని ఫలకము ధ్రువపరచుట ఒక యెత్తు. కన్ను చూడలేనిదానిని ఫలకము చూపుట వేరొక యెత్తు. ఆ రెండవది అప్పుడే జరిగినది.

రాబర్ట్స్ కథ వీరిద్దరి కథలకంటె దీర్ఘమైనది. అతడు 1829లో వేల్సు దేశమున జన్మించి, 15 ఏండ్ల ప్రాయమున లివర్‌పూల్ నగరములో ఇండ్లు కట్టు కంపెనీలో పని నేర్చుకొనుటకు చేరెను. క్రమముగా భాగస్వామియై, ధనము గడించెను. మొదట అతని మనసు రాళ్లమీదను, భూగర్భ జలములమీదను ఉండెను. 49 ఏండ్ల వయస్సులో 7 అంగుళముల దూరదర్శినిని కొనెను. తలలు నెరసిన పిమ్మట క్రొత్త శాస్త్రము మొదలుపెట్టుటకు ఎంతమంది సాహసింతురో చదువరులే యోచింపవచ్చును. 1885లో డబ్లినులోని గ్రబ్ కర్మాగారమున 20 అంగుళముల అద్దపు దూరదర్శినిని చేయించి, ఒకే ఇరుసుకు ఒక కొసను దానిని, రెండవ కొసను పాత 7 అంగుళముల దానిని బిగింపజేసెను. పెద్దది చిత్రము పట్టును. చిన్నదానిలో కన్నుంచి మనుష్యుడు దారి తప్పకుండ చూచును.

1888 డిసెంబరు 29వ తేదీన, లివర్‌పూలునకు దాపుననున్న మాగల్ గ్రామమునుండి, రాబర్ట్స్ ఆండ్రోమెడా నీహారికపై తన దూరదర్శినిని సుమారు 4 గంటలు నిలిపెను. ఇది మన ఉత్తరాభాద్రకు సమీపమున, చీకటి రాత్రి ఉత్త కంటికి చిన్న మబ్బుతునక వలె కనిపించును. క్రీ.శ. 964 నాటి తన గ్రంథములో పారశీక జ్యోతిర్విదుడు అల్ సూఫీ దీనిని చిన్న మేఘమని వర్ణించెను. దూరదర్శినులు వచ్చిన తరువాతను అది మబ్బుగనే యుండెను; చూచిన ప్రతివాడును గీచిన బొమ్మ వేరొకని బొమ్మకు సరిపోలదు. రాబర్ట్స్ ఫలకమును కడిగి చూడగా ఆ మబ్బులో వలయములు కనిపించెను. నడుమ ప్రకాశించు ముద్ద, దాని చుట్టును సుడులు తిరుగు బాహువులు, బాహువుల నడుమ నల్లని చారలు, ప్రక్కన రెండు చిన్న మబ్బుతునకలు. ఆండ్రోమెడా సుడి ఆకారము గలదని లోకమునకు తెలిసినది ఆ ఇండ్ల మేస్త్రీ వలననే.

చిత్రము నిజము. దానికి అతడు చెప్పుకొన్న అర్థము నిజము కాదు. సూర్యుడును గ్రహములును ఒక సుడితిరుగు వాయుమేఘము నుండి పుట్టినవను లాప్లాసు సిద్ధాంతము ఆ కాలమున పండితుల నోట నానుచుండెను. రాబర్ట్సునకు తన చిత్రములో ఆ సిద్ధాంతమే కంటికెదురుగ నిలిచినట్లు తోచెను. నడుమనున్నది పుట్టబోవు సూర్యుడు, ప్రక్కనున్న తునకలు పుట్టబోవు గ్రహములు! అతడొక్కడే కాదు, ఆనాటి పెద్దలలో పెక్కుమంది అట్లే తలచిరి. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ కొండపైనున్న 100 అంగుళముల దూరదర్శినితో తీసిన ఫలకములో ఆండ్రోమెడాలోనే వెలుగు హెచ్చుతగ్గులగు ఒక నక్షత్రమును కనుగొని, దానినిబట్టి దూరమును లెక్కించెను. 1925 జనవరి 1న ఆ లెక్క సభలో చదువబడెను. ఆండ్రోమెడా మన పాలవెల్లిలోనిది కాదు. అది వేరొక పాలవెల్లి. నేటి లెక్కనుబట్టి 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమునందున్నది. రాబర్ట్సునకు గ్రహములుగా తోచిన తునకలు రెండును రెండు చిన్న గెలాక్సీలు. చిత్రము చేతికి వచ్చిన 36 ఏండ్లకు దాని అర్థము చేతికి వచ్చినది. రాబర్ట్స్ అప్పటికి లేడు.

రాబర్ట్స్ పొరపాటు ఇంకొకటి కలదు. అది చిత్రకారులకు దీనికంటె ఎక్కువ పనికివచ్చునది. విలియం హెర్షెల్ ఒకప్పుడు ఆకాశములో 52 చోట్ల విశాలమైన పలుచని నీహారికలు తనకు కనిపించినవని వ్రాసియుంచెను. రాబర్ట్స్ సస్సెక్సులో క్రోబరో కొండపై క్రొత్త వేధశాల కట్టుకొన్న తరువాత ఆ 52 చోట్లను వరుసగా చిత్రించి, నాలుగింటిలో తప్ప మబ్బు లేదని 1902లో ప్రకటించెను. బర్నార్డ్ అను అమెరికా జ్యోతిర్విదుడు దీనికి ఒప్పుకొనలేదు. బాల్యమున ఫోటో స్టూడియోలో పనిచేసి పైకి వచ్చిన బర్నార్డు, ముఖచిత్రములు తీయుటకై చేసిన చిన్న వెడల్పాటి కటకముతో ఆకాశమును పట్టినవాడు. అతని వాదన సులభమైనది. విశాలముగా పరచుకొన్న మబ్బు ఇరుకైన చిత్రములో ఈ కొసనుండి ఆ కొసవరకు సమముగా నుండును; అంచు కనిపించని మబ్బును ఎవరు గుర్తింతురు? పెద్ద దూరదర్శిని తాళపుచెవి కంతలోనుండి చూచినట్లు చూచును. దూరము కనిపించును గాని వెడల్పు కనిపించదు. ఓపిక యొక్కటే చాలదు, ఓపికకు తగిన కిటికీయు ఉండవలెను.

క్రోబరోలో రాత్రులు మేల్కొని ఫలకములు పట్టిన శ్రమలో పెద్దపాలు విలియం ఫ్రాంక్స్ అను సహాయకునిది. పుస్తకముపై యజమాని పేరుండును. చలి మాత్రము సహాయకునిది. ఇట్టివి ఏ శాస్త్రచరిత్రలోనైనను కొల్లలు. రాబర్ట్స్ 1901లో, 72వ యేట, డొరోతియా క్లంప్కే అను అమెరికా విదుషిని వివాహమాడెను. ఆమె పారిస్ విశ్వవిద్యాలయమునుండి గణితములో డాక్టరు పట్టము పొంది, పారిస్ వేధశాలలో నక్షత్రఫలకములను కొలుచు విభాగమునకు అధిపతిగా నున్నది. వివాహమైన మూడేండ్లకే అతడు గతించెను. ఆ ఫలకములన్నిటిని ఆమె ఫ్రాన్సునకు తీసికొనిపోయి, పాతికేండ్లు వానిపై పనిచేసి, భర్త పుట్టి నూరేండ్లయిన 1929లో ఆ 52 చోట్ల చిత్రములను పటసంపుటముగా ప్రచురించెను. భర్త నిర్ణయము చర్చకు లోనైనను ఫలకములు చెడలేదు. వానిలో పడిన వెలుగు పడినట్లే యుండెను.

డొరోతియా పారిసులో కొలిచిన ఫలకముల కథ మన దేశమువరకు వచ్చినది. హెన్రీ సోదరుల చిత్రములను చూచి ఉత్సాహపడిన జ్యోతిర్విదులు 1887లో పారిసున సభచేసి, ఆకాశమంతటిని ఛాయాఫలకములపై కెక్కింప నిశ్చయించిరి. ఆకాశమును పొలమువలె వాటాలు వేసి వేధశాలలకు పంచిరి. దక్షిణమున 17 అంశలనుండి 23 అంశల వరకుగల పట్టీ మొదట చిలీ దేశపు వంతునకు వచ్చి, అచ్చట సాగక, తుదకు హైదరాబాదునకు వచ్చినది. హైదరాబాదులో అప్పటికి వేధశాల ఎట్లుండెననగా, దాని మూలమును ఒక ఔత్సాహికుని ముచ్చటయే. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పి, 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. అదియును రాబర్ట్సునకు చేసియిచ్చిన గ్రబ్ కర్మాగారపు పనియే. 1907లో నవాబు మరణింపగా, మరుసటి యేడు నిజాము ప్రభుత్వము దానిని చేపట్టి బేగంపేటకు తరలించెను. ఆకాశపు పట్టీని అచ్చట 8 అంగుళముల ఛాయాదర్శినితో చిత్రించి, చుక్కల స్థానములను కొలిచి, సంపుటములుగా అచ్చువేసిరి. తెలుగునేలపై అంతకు పూర్వమును ఇట్టి ముచ్చటలు లేకపోలేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున సొంత వేధశాల కట్టగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబముపై శుక్రుడు దాటుటను అచ్చటనుండి పరిశీలించెను.

బేగంపేట చుట్టును నగరము పెరిగినది, దీపములు పెరిగినవి. 1960వ దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయము నగరమునకు దూరముగా జపాల్, రంగాపూర్ గ్రామముల వద్ద 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పవలసివచ్చెను. దీపములు వేధశాలలను తరుముట ఒక్క హైదరాబాదు కథ కాదు.

తరువాతి యేబది యేండ్లు ఔత్సాహికులకు కొంత ఎండకాలము. వారి చేతిలో ఫిల్ము మాత్రమే యుండెను. ఫిల్మునకు ఒక జబ్బు కలదు: మసక వెలుగునకు అది త్వరగా అలసిపోవును. మొదటి పది నిమిషములలో పట్టినంత వేగముగా తరువాతి పది నిమిషములలో పట్టదు. ఈ జబ్బును కుదుర్చుటకు ఫిల్మును వాయువులలో నానబెట్టినవారును, మంచువలె చల్లార్చినవారును కలరు. ఎన్ని చేసినను, పడిన వెలుగులో నూటికి రెండు మూడు పాళ్లే దానిలో నిలిచెడిది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు సీసీడీ యను సిలికాన్ పలకను రూపొందించిరి. 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చినది. ఈ పలక తనపై పడిన వెలుగులో సగమునకు పైగా పట్టుకొనును, అలసట యెరుగదు. ఇది చౌకయై ఔత్సాహికుల చేతికి వచ్చుటతో కామన్ తోటలోని 36 అంగుళముల అద్దము చేయలేని పని చేతిలో పట్టునంత గొట్టము చేయసాగెను. 2004 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జే మెక్‌నీల్ అను ఔత్సాహికుడు 3 అంగుళముల దూరదర్శినితో ఓరియన్ మండలమును చిత్రించి, పూర్వ చిత్రములలో పెక్కింటిలో లేని ఒక చిన్న నీహారికను చూచెను. అప్పుడే రగిలిన ఒక పసినక్షత్రము చుట్టుప్రక్కల మబ్బును వెలిగించినది. ఆ నీహారిక నేడతని పేరనే వ్యవహరింపబడుచున్నది.

నేటి ఔత్సాహికుడు నాలుగు గంటలు కన్నార్పక కూర్చుండడు. దారి తప్పకుండ చూచు పనిని ఒక చిన్న కెమెరాయు కంప్యూటరును చేయును. ఒకే దీర్ఘచిత్రమునకు బదులు అయిదేసి నిమిషముల చిత్రములు వందలకొలది తీసి, చుక్కపై చుక్క పడునట్లు పేర్చి, కూడుదురు. విమానమో, ఉపగ్రహమో గీత గీచినచో ఆ యొక్క చిత్రమును పారవేయుదురు. కెమెరాకు మూతపెట్టి వట్టి చీకటిని కూడ చిత్రింతురు. పలకలోని వేడిమివలన పుట్టు తప్పుడు చుక్కలను దానితో తీసివేయుదురు. సమమైన వెలుగును చిత్రించి, ధూళిరేణువుల నీడలను తీసివేయుదురు. ఇన్ని చిత్రములు కూడుటలో లాభమేమి? సంతలో దూరమున నిలిచి ఒకడు ఒకే మాటను నూరుసార్లు పలికెననుకొందము. సంతగోల ప్రతిసారియు వేరుగా నుండును, మాట ఒక్కటే. వినగా వినగా మాట తేలును. అయితే ఇందులో లెక్క కఠినమైనది. గోల సగమునకు తగ్గవలెనన్న కాలము నాలుగింతలు కావలెను. పదవ వంతునకు తగ్గవలెనన్న నూరింతలు. ఒక గంట చిత్రమునకు పదింతల స్వచ్ఛత కోరినవాడు నూరు గంటలు చెల్లింపవలెను.

రంగుల మాట పాఠశాలలలో పిల్లలు తప్పక అడుగుదురు. నీహారికలు నిజముగా అట్లు ఎఱ్ఱగను నీలముగను ఉండునా? దూరదర్శినిలో కన్నుంచి చూచినవానికి అవి బూడిదరంగు మబ్బులే. మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు. వెలుగులో మాత్రము రంగు కలదు. హైడ్రోజను 656 నానోమీటర్ల వద్ద ఎఱ్ఱగా వెలుగును. ఎలక్ట్రానులు రెండింటిని పోగొట్టుకొన్న ఆక్సిజను 501 నానోమీటర్ల వద్ద, ఆకుపచ్చకును నీలమునకును నడుమ, వెలుగును. కృత్తికల మబ్బు వీనివలె తానై వెలుగునది కాదు. చుక్కల వెలుగును ధూళి చెదరగొట్టుటచే నీలముగా కనిపించును. అది చుక్కలు పుట్టగా మిగిలిన మబ్బని చిరకాలము భావించిరి; నేడు, చుక్కల గుంపు దారిలో ఎదురైన వేరొక మబ్బని తలచుచున్నారు. ఈ సత్యమైన రంగులపై అరటిపండ్ల బండికి దీపములు కట్టినట్లు మరికొన్ని రంగులు పులుముటయు నేడు కలదు. చూచుటకు ముచ్చటయే గాని అట్టి చిత్రము ఏ శాస్త్రజ్ఞునికిని సాక్ష్యము చెప్పలేదు.

ఆక్సిజను వెలుగునకు వేరుగా ఒక చరిత్ర యున్నది. దానిని నీహారికలో మొదట గుర్తించినది విలియం హగిన్స్, లండనులో తండ్రి పట్టుబట్టల దుకాణమును అమ్మివేసి ఇంటివద్ద వేధశాల కట్టుకొన్నవాడు. 1864 ఆగస్టు 29న అతడు డ్రాకో మండలములోని చిన్న నీహారిక వెలుగును పట్టకముతో విడదీయగా, ఇంద్రధనుస్సునకు బదులు ఆకుపచ్చని గీత కనిపించెను. నీహారిక చుక్కల గుంపు కాదు, వాయువని ఆ క్షణమున తేలినది. ఆ గీత భూమిపై తెలిసిన ఏ ద్రవ్యమునకును సరిపోకపోగా నెబ్యులియమను క్రొత్త మూలకమును ఊహించిరి. అట్టిది లేదనియు, అది అత్యంత పలుచనైన ఆక్సిజను వెలుగనియు 1927లో ఐరా బోవెన్ తేల్చెను.

ఆ ఆకుపచ్చ వెలుగును మాత్రమే లోనికి విడుచు గాజుపలక నేడు అంగడిలో దొరకును. 2022లో ఫ్రాన్సు దేశమున, నాన్సీ నగర ప్రాంతములో, యాన్ సెయింటీ అను ఔత్సాహికుడు అట్టి పలకను 106 మిల్లీమీటర్ల దూరదర్శినికి బిగించి ఆండ్రోమెడాను చిత్రించెను. నాలుగు అంగుళములకు కొంచెము పైబడిన గొట్టము! 22 రాత్రులలో 111 గంటలు పట్టెను. గెలాక్సీకి ఒక ప్రక్కన, ఇదివరకు ఏ చిత్రములోను ఎవరును చూడని నీలిచాపము ఒకటి వంగి కనిపించెను. చంద్రబింబములు మూడు వరుసగా పేర్చినంత పొడవు. అతనితో కలిసి పనిచేసిన జేవియర్ స్ట్రాట్నర్, మార్సెల్ డ్రెక్స్‌లర్ కూడ ఔత్సాహికులే. ఇది కటకములో పుట్టిన ప్రతిబింబమా, నిజమా యని అనుమానపడి, వేరే దేశములలో వేరే దూరదర్శినులు గలవారిని చూడుమనిరి. వారికిని కనిపించెను. అప్పుడు శాస్త్రజ్ఞులతో కలిసి 2023 జనవరిలో ప్రకటించిరి.

ఆకాశములో ఆండ్రోమెడా కంటె ఎక్కువ సార్లు చిత్రింపబడిన గెలాక్సీ అరుదు. మహావేధశాలలకు ఇది ఎందుకు చిక్కలేదు? బర్నార్డు చెప్పిన తాళపుచెవి కంతయే ఒక కారణము. రెండవది కాలము. పెద్ద దూరదర్శినులపై ఒక్క రాత్రి కొరకు దేశదేశముల శాస్త్రజ్ఞులు అర్జీలు పెట్టి వేచియుందురు. ఏమున్నదో తెలియని చోటికి, 111 గంటలు ఇమ్మని అడిగినవానికి ఏ సంఘమును ఈయదు. సెయింటీ ఎవరిని అడుగవలెను? రాబర్ట్సునకు ఎవరు అనుమతి నీయవలసివచ్చినది? జీతమునకు చూచువానికి లేనిదియు, ముచ్చటకు చూచువానికి ఉన్నదియు ఈ యొక్క ధనమే.

ఆ ధనము మన విద్యార్థులకును కలదు, చీకటియే కరవైనది. అమెరికాలో జాన్ బార్టల్ అను ఔత్సాహికుడు 2001లో చీకటిని కొలుచుటకు 9 మెట్లు ఏర్పరచెను. మన పెద్ద నగరములు చివరి మెట్లపై నున్నవి. విజయవాడలోనో, హైదరాబాదులోనో మేడపై నిలిచిన బాలుడు పాలవెల్లిని చూడలేడు. పిల్లలకోడిలో ఆరు చుక్కలు లెక్కించుటయు కష్టమే. రంగు పలకలవలన నగరము నడుమనుండి కూడ కొన్ని నీహారికలు పట్టువారున్నారు. వీధి దీపముల వెలుగును చాలవరకు అవి అడ్డును. కాని కృత్తికల మబ్బువంటి దానికి ఆ ఉపాయము చెల్లదు. దాని వెలుగు ఒక్క రంగులోనిది కాదు, దీపముల వెలుగుతో కలిసిపోవును; దానికి చీకటి తప్ప వేరు మందు లేదు. లడఖులోని హాన్లే చుట్టును గల ప్రదేశమును 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. అచ్చటి గ్రామస్థులు కిటికీలకు దట్టమైన తెరలు వేసికొని, దీపములకు మూతలు పెట్టి, ఆకాశమును కాపాడుచున్నారు. తెలుగునాట అట్టి ప్రయత్నమునకు కొండలును అడవులును లేకపోలేదు.

సెయింటీ చాపము ఏమిటో ఇంకను తేలలేదు. అది ఆండ్రోమెడా గెలాక్సీకి సంబంధించినదని కొందరు వాదించిరి. అట్లయినచో అది ఊహింపరానంత పెద్దది. తరువాత మరికొందరు అది మన పాలవెల్లిలోనిదే, దారికడ్డముగా వచ్చిన మబ్బు మాత్రమే యనిరి. ఒక ముదుసలి నక్షత్రము ఎన్నడో విడిచిన వాయువు అంతరిక్షమును రాచుకొని వెలుగుచున్నదను వాదమును వచ్చినది. దూరము 25 లక్షల కాంతి సంవత్సరములో, కొన్ని వేలో, లేక వందలో! రాబర్ట్స్ ఫలకముపై పండితులు వాదించిన రోజులలో వలెనే, ఇప్పుడును చిత్రము చేతిలో నున్నది. దూరము చేతిలో లేదు. ఈలోగా, కార్తికమున ఆండ్రోమెడా నడినెత్తికి వచ్చు రాత్రులలో, ఎందరో తమ యింటి పెరటినుండియే ఆ చాపముపై మరికొన్ని గంటలు కూడబెట్టుచున్నారు.